సమ్మె గెలిచింది సరే, కార్మికోద్యమం లేచిందా?

నోవై ఇంజనీరు:

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన వాదన తెగలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను. 2023 సెప్టెంబరు 15 నుంచి ఆరు వారాల పాటు అమెరికాలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ (జీఎం), స్టెలాంటిస్ కార్ల కంపెనీల కార్మికులు చేసిన సమ్మె వాళ్ల జీతాలు పెంచిందన్న విషయంలో ఎవరికీ తగువు లేదు. దాన్ని అమెరికా కార్మికోద్యమం మళ్లీ లేచి నిలబడడంగా చూడాలా, లేక కాలం కలిసివచ్చినప్పుడు ఒక పెద్ద సంఘం రాబట్టుకున్న మంచి ఒప్పందంగానే చూడాలా అన్న దగ్గరే తగువంతా. నేను మొదటి పక్షం. నేను పనిచేసే విడిభాగాల కంపెనీ ఆ సమ్మె కాలంలో మమ్మల్ని రెండు వారాలు జీతం లేని సెలవు మీద ఇంటికి పంపింది కాబట్టి, సమ్మె వల్ల నష్టపోయినవాడిగానే ఈ మాట అంటున్నానని గమనించగలరు.

ఆ సెలవులో ఒక సాయంత్రం వేన్ ఊళ్లోని ఫోర్డ్ అసెంబ్లీ ప్లాంటు గేటు దగ్గరికి వెళ్లాను. ఇనుప పీపాలో కట్టెలు మండుతున్నాయి. ఎర్ర చొక్కాల మీద స్వెట్టర్లు వేసుకున్నవాళ్లు కొందరు మడతకుర్చీల్లో కూర్చున్నారు, కొందరు అట్టలు పట్టుకుని గేటుకు అడ్డంగా నెమ్మదిగా నడుస్తున్నారు. మిషిగన్ అవెన్యూ మీద పోయే కార్లు హారన్ కొట్టినప్పుడల్లా వాళ్లు చెయ్యెత్తుతున్నారు. నాకు కాఫీ ఇచ్చిన ఆవిడ తాత్కాలిక కార్మికురాలు. పక్కన నిలబడే మనిషి బిగించే బోల్టునే తానూ బిగిస్తానని, అతనికి గంటకు 32 డాలర్లు వస్తే తనకు 17 కూడా రావని, ఇది మూడో ఏడని చెప్పింది. కోపంగా చెప్పలేదు, రేషన్ కార్డులో పేరు తప్పుపడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నన్ను మొదట ఆకట్టుకున్నది సమ్మె చేసిన పద్ధతి. యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘం, అంటే యూఏడబ్ల్యూ, అంతకుముందు మూడు కంపెనీల మీద ఒకేసారి ఎన్నడూ సమ్మెకు దిగలేదు. ఒక కంపెనీని ఎంచుకుని, దానితో కుదిరిన ఒప్పందాన్ని మిగతా రెండింటి ముందు పెట్టేది. ఈసారి మూడింటి మీదా దిగింది గానీ, ఆ మూడు కంపెనీల్లోని సుమారు 1,46,000 మంది సభ్యుల్లో మొదటి రోజు పని ఆపింది 13,000 మందే. మిజూరీలో వెంట్జ్‌విల్, మిషిగన్‌లో వేన్, ఒహాయోలో టొలీడో, ఈ మూడు ప్లాంట్లే మూతపడ్డాయి. వారం తిరిగేసరికి జీఎం, స్టెలాంటిస్‌లకు చెందిన 38 విడిభాగాల పంపిణీ కేంద్రాలు వాటికి తోడయ్యాయి. ఏ శుక్రవారం ఏ గేటు మూతపడుతుందో తెలియక మూడు యాజమాన్యాలూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాయి. శుక్రవారం వరకైనా గడువుంటుందని ఫోర్డ్ అనుకుంటుండగానే, అక్టోబరు 11 బుధవారం నాడు ఆ కంపెనీకి అన్నిటికంటే ఎక్కువ లాభం తెచ్చే కెంటకీ ట్రక్ ప్లాంటులో 8,700 మంది బయటికి వచ్చేశారు.

ఫలితం తెలిసిందే. 2028 ఏప్రిల్ దాకా మొత్తం 25 శాతం పెంపు, అందులో 11 శాతం సంతకం కాగానే. పూర్తి జీతం అందుకోవడానికి పట్టే ఎనిమిదేళ్లు మూడేళ్లకు తగ్గాయి. ధరలతో పాటు పెరిగే భత్యం తిరిగి వచ్చింది. మూసేసిన బెల్విడియర్ ప్లాంటును మళ్లీ తెరుస్తామని స్టెలాంటిస్ రాసిచ్చింది. ఇక మీదట ప్లాంటు మూస్తే సమ్మె చేసే హక్కు కూడా ఒప్పందంలో చేరింది. ఫ్యాక్టరీ ఎక్కడ ఉండాలో తేల్చేది యాజమాన్యమేనని నలభై ఏళ్లుగా ఒప్పుకుంటూ వచ్చిన సంఘం ఆ మాటను వెనక్కి తీసుకోవడం నా దృష్టిలో జీతం కంటే పెద్ద విషయం.

లెక్కల మనిషి:

ఇంజనీరు గారూ, మీరు గేటు దగ్గర చూసినది నిజమే, కాదనను. ఒక గేటు దగ్గర మండే మంటను చూసి ఊరంతా తెల్లవారిందనడం మాత్రం ఒప్పుకోలేను.

అమెరికా కార్మిక శాఖ ఏటా ప్రకటించే లెక్క ఒకటుంది. జీతగాళ్లలో సంఘ సభ్యుల వాటా 1983లో 20.1 శాతం. సమ్మెలన్నీ కలిసివచ్చిన 2023లో అది 10 శాతం, మరుసటి ఏడు 9.9 శాతం. ప్రైవేటు రంగం ఒక్కటే చూస్తే 2024లో 5.9 శాతం. 2023లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న సమ్మెల్లో మొత్తం 4,58,900 మంది పని ఆపారు. ఆటో కార్మికులతో పాటు హాలీవుడ్ రచయితలు 148 రోజులు, నటులు 118 రోజులు ఆపారు, కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల సిబ్బంది 75,000 మందికి పైగా ఆపారు. అంత జరిగిన ఏడాది గడిచాక కూడా సభ్యత్వపు వాటా వీసమెత్తు పెరగకపోతే, ఉద్యమం లేచిందని ఏ కొలతతో చెబుతాం?

మీరు మెచ్చిన సంఘానికే వద్దాం. 1979లో యూఏడబ్ల్యూ సభ్యులు 15 లక్షలు. సమ్మె జరిగిన ఏడాది చివరికి నాలుగు లక్షలు కూడా లేరు. అధ్యక్షుడు షాన్ ఫెయిన్ 2023 మార్చిలో 483 ఓట్ల తేడాతో గెలిచాడు. విశ్రాంత కార్మికులతో కలిపి పది లక్షల మందికి పైగా ఓటుంటే, వేసినవాళ్లు లక్షా నలభై వేలకు అటూ ఇటూ. ఒప్పందానికి జీఎంలో దొరికిన ఆమోదం 55 శాతమే, అదీ 1936-37 సమ్మెతో సంఘం నిలదొక్కుకున్న ఫ్లింట్‌లోనే వ్యతిరేక ఓటు ఎక్కువ పడింది. 40 శాతం అడిగి 25 తెచ్చుకున్నారు. వారానికి 32 గంటల పని అన్న కోర్కె మాటల్లోనే మిగిలింది. 2007 తర్వాత చేరినవాళ్లకు పెన్షను రాలేదు, రిటైరయ్యాక వైద్యఖర్చూ రాలేదు.

యాజమాన్యాలు కుంగిపోయాయా అంటే అదీ లేదు. సమ్మె ముగిసి నెల తిరగకముందే జీఎం తన వాటాలను తానే కొనుక్కోవడానికి 1,000 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఈ ఒప్పందంతో 2028 నాటికి ఒక్కో బండి మీద 900 డాలర్ల దాకా అదనపు ఖర్చు పడుతుందని ఫోర్డ్ చెప్పింది. ఆ బరువు చివరికి కొనేవాడి మీదో, ఉద్యోగాల సంఖ్య మీదో పడుతుంది. 2024 ఆగస్టులో స్టెలాంటిస్ వారెన్ ట్రక్ ప్లాంటులో 2,450 మంది దాకా తీసేస్తామని ప్రకటించింది. ఒప్పందం ముగిసేనాటికి వచ్చే గంటకు 42 డాలర్ల జీతం ఉద్యోగం ఉన్నవాడికే కదా.

పాత టర్నర్:

ఇద్దరూ బాగా రాశారు బాబూ. నేను హైదరాబాదులో ముప్పై నాలుగేళ్లు లేత్ మిషను మీద పనిచేసి, అందులో పదకొండేళ్లు బ్రాంచి కార్యదర్శిగా ఉన్నవాణ్ణి. అమెరికా చూడలేదు గానీ ఒప్పంద పత్రాలు చదవడం నా అలవాటు, కనుక నాకు తోచినది చెబుతాను.

ముందుగా, మీరు ధరలతో పాటు పెరిగే భత్యమంటున్నది మా భాషలో కరువు భత్యం. దాని విలువ ఏమిటో అది పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది. 2009లో జీఎం, క్రైస్లర్ (ఇప్పటి స్టెలాంటిస్‌లో భాగం) దివాలా తీసినప్పుడు సంఘం దాన్ని వదులుకుంది. అంతకు రెండేళ్ల ముందే, 2007లో, కొత్తగా చేరేవాడికి తక్కువ జీతమనే రెండు తరగతుల పద్ధతికి సంతకం పెట్టింది. కంపెనీ బతికితే చాలనుకున్నారు. కంపెనీలు బతికాయి. 2013 నుంచి 2022 దాకా ఆ మూడింటి లాభాలు కలిపి 25,000 కోట్ల డాలర్లు. పోయిన భత్యం మాత్రం 2023 దాకా తిరిగి రాలేదు. కాబట్టి 2023లో వాళ్లు కొత్తగా గెలిచిన దానికంటే, తాము ఇచ్చేసిన దాన్ని రాబట్టుకున్నదే ఎక్కువ. లెక్కల మనిషి గారు దీన్ని తక్కువ చేసి చెప్పినా నేను తప్పుపట్టను.

నా అసలు మాట వేరే ఉంది. ఈ సమ్మె 2023లో మొదలు కాలేదు, 2021లో మొదలైంది. యూఏడబ్ల్యూ అధ్యక్షులుగా చేసిన ఇద్దరు, గ్యారీ జోన్స్, డెనిస్ విలియమ్స్, సంఘం డబ్బు తిన్నందుకు జైలుకు వెళ్లారు. ప్రభుత్వంతో కుదిరిన రాజీ ప్రకారం కోర్టు ఒక పర్యవేక్షకుణ్ణి పెట్టింది, నాయకులను ఎలా ఎన్నుకోవాలో సభ్యులనే ఓటు వేసి చెప్పమంది. అంతవరకు మహాసభకు వెళ్లే ప్రతినిధులే అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. ఒకే ముఠా డెబ్బై ఏళ్లకు పైగా పదవిలో కూర్చుంది. 2021 చివర జరిగిన ఆ ఓటింగులో మనిషికో ఓటు కావాలని దాదాపు 64 శాతం మంది చెప్పారు. ఇండియానాలోని కొకోమోలో ఎలక్ట్రీషియనుగా పనిచేసిన షాన్ ఫెయిన్ ఆ దారిలో వచ్చినవాడు. 483 ఓట్లే కావచ్చు, పాత పద్ధతే ఉంటే అతనికి ఆ 483 కూడా లెక్కకు వచ్చేవి కావు. యాజమాన్యంతో సమ్మెకు ముందు సంఘం లోపల ఒక సమ్మె గెలిచారన్న మాట. మన దగ్గర ఎన్ని సంఘాల్లో గౌరవాధ్యక్షుడు ఏ పార్టీ నాయకుడో చూసుకుంటే నేను దీని మీద ఎందుకింత సాగదీస్తున్నానో అర్థమవుతుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. సమ్మెను నిలబెట్టేది నినాదం కాదు, ఇంట్లో బియ్యం. 2019 సెప్టెంబరు 16న జీఎంలో 48,000 మంది సమ్మెకు దిగి నలభై రోజులు నిలబడ్డారు. అదే ఏడు అక్టోబరు 5న తెలంగాణలో దాదాపు అంతే మంది ఆర్టీసీ కార్మికులు దిగి 52 రోజులు నిలబడ్డారు. అక్కడివాళ్లకు సంఘం నిధి నుంచి వారం వారం డబ్బు వచ్చింది. ఇక్కడివాళ్లకు చేసిన సెప్టెంబరు నెల జీతమే చేతికి రాలేదు. మా వీధిలో ఒక కండక్టరు పిల్లల ఫీజు కోసం బండి అమ్ముకున్నాడు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. చివరికి ఏ కోర్కె తీరకుండానే విధుల్లో చేరతామని చెప్పవలసి వచ్చింది. 2023లో యూఏడబ్ల్యూ దగ్గర 82.5 కోట్ల డాలర్ల సమ్మె నిధి ఉంది, సమ్మెలో ఉన్నవాడికి వారానికి 500 డాలర్లు ఇచ్చింది. 1,46,000 మందిని ఒకేసారి దింపితే ఆ నిధి మూడు నెలలు కూడా ఆగదు. కొద్దికొద్దిగా దింపితే ఎన్ని నెలలైనా సాగుతుంది. ఇంజనీరు గారు ఎత్తుగడ అని మెచ్చుకున్న దాని వెనుక ఉన్నది ఈ కూడిక, తీసివేతలే. తెలివి లేదని కాదు, ఆ తెలివికి ఆధారం ఏమిటో చెబుతున్నాను.

లెక్కల మనిషి:

పెద్దాయనా, సంఘం లోపలి ఎన్నిక గురించి మీరు చెప్పినది నేను సరిగా పట్టించుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ కథకు తరువాయి కూడా ఉంది. అదే పర్యవేక్షకుడు 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో, ఫెయిన్ తాను చెప్పినట్టు డబ్బు మంజూరు చేయలేదన్న కక్షతో సంఘం కోశాధికారిణి మార్గరెట్ మాక్ అధికారాలు కత్తిరించాడని తేల్చాడు. మనిషికో ఓటు పెట్టినంత మాత్రాన కుర్చీ గుణం మారదు.

చాటనూగా నుంచి:

నేను సాధారణంగా చదివి ఊరుకుంటాను గానీ, ఇంతసేపు డెట్రాయిట్ గురించే మాట్లాడుకుంటుంటే రాయకుండా ఉండలేకపోయాను. మేము టెన్నెసీలోని చాటనూగాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. మా ఇంటి నుంచి ఫోక్స్‌వ్యాగన్ ప్లాంటు ఇరవై నిమిషాల దారి. సంఘం ఎప్పటి నుంచో ఉన్న చోట జీతం పెరగడాన్ని ఉద్యమం అనను నేను. సంఘం లేని చోట అది పుట్టినప్పుడే ఆ మాట వాడాలి. అందుకే మా ఊరి సంగతి చెప్పాలి.

ఈ ప్లాంటులో 2014లో ఓటింగు పెడితే 712కు 626తో సంఘం ఓడిపోయింది. 2019లో 833కు 776తో మళ్లీ ఓడిపోయింది. 2024 ఏప్రిల్ 19న వచ్చిన ఫలితం 2,628కి 985. అంటే 73 శాతం. ఆ ఓటింగు మొదలవడానికి ముందు రోజు ఆరు దక్షిణ రాష్ట్రాల గవర్నర్లు కలిసి సంఘం వద్దని ప్రకటన ఇచ్చారు, మా టెన్నెసీ గవర్నరు కూడా అందులో ఉన్నారు. అయినా ఆ తేడా వచ్చింది. 2019కీ 2024కీ మధ్య ఏం మారిందని మా అబ్బాయి ఫుట్‌బాల్ జట్టులో పిల్లవాడి తండ్రిని అడిగాను, ఆయన అక్కడ పెయింట్ షాపులో చేస్తారు. 2019లో సంఘం అంటే జైలుకు పోయే నాయకులని యాజమాన్యం చెబితే తమ దగ్గర జవాబు లేదని, ఈసారి డెట్రాయిట్ ఒప్పందం కాగితాన్ని ఫోనులో చూపిస్తే ఎదుటివాళ్ల దగ్గర జవాబు లేదని చెప్పారు. కనుక టర్నర్ గారి మాటకు నాది సాక్ష్యమనుకోండి.

డెట్రాయిట్ ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే సంఘం లేని టయోటా, హోండా, హ్యుందాయ్ కూడా తమ అమెరికా ప్లాంట్లలో జీతాలు పెంచాయి. హోండా 11 శాతం అంది, హ్యుందాయ్ 2028 నాటికి 25 శాతం అంది. సంఘం గాలి తమ వైపు రాకుండా కిటికీ మూసుకోవడానికి అయిన ఖర్చు అది. లెక్కల మనిషి గారి సభ్యత్వపు శాతంలో ఈ కార్మికులు ఒక్కరూ కనబడరు.

అయితే ఓటమిని కూడా దాచకూడదు. మా గెలుపు తర్వాత నెల కూడా కాకముందే, మే 17న, అలబామాలోని మెర్సిడెస్ ప్లాంటులో సంఘం 2,642కు 2,045తో ఓడిపోయింది. అక్కడ ఓటింగుకు ముందు యాజమాన్యం స్థానిక అధిపతినే మార్చి, పాత ఫిర్యాదులన్నీ ఆయన ఖాతాలో వేసి, కొత్తాయనకు ఒక అవకాశం ఇవ్వమని కార్మికులను అడిగింది. ఫోక్స్‌వ్యాగన్‌కు ప్రపంచంలో దాదాపు ప్రతి ప్లాంటులోనూ కార్మిక ప్రాతినిధ్యం ఉంది కాబట్టి మా ఊళ్లో అంత గట్టిగా అడ్డుపడలేదు. అలబామాలో అడ్డుపడ్డారు, ఓడించారు. గెలిచిన మా ఊళ్లో కూడా 2025 చివరిదాకా మొదటి ఒప్పందం కుదరలేదు. ఓటు గెలవడం పెళ్లిచూపులు, ఒప్పందం పెళ్లి అని మా ఆయన అంటుంటారు.

పరిశోధక విద్యార్థిని:

చాటనూగా అక్క రాసినది చదివాక నాకూ ధైర్యం వచ్చింది. నేను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, గుంటూరు జిల్లా మాది. కారు ఎలా తయారవుతుందో నాకు తెలియదు, నాకు కారే లేదు, కానీ నేను యూఏడబ్ల్యూ సభ్యురాలిని. మా నాన్నకు ఈ సంగతి చెబితే చదువుకోమని పంపితే ఫ్యాక్టరీలో చేరావా అని అడిగారు.

ఆ సంఘంలో సుమారు నాలుగో వంతు మంది ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లే. 2022 నవంబరు 14న మా విశ్వవిద్యాలయంలోని పది ప్రాంగణాల్లో కలిపి 48,000 మంది బోధన సహాయకులు, పరిశోధకులు సమ్మెకు దిగారు, డిసెంబరు 23న ఓటు వేసి ముగించారు. ఫెయిన్ గెలవడానికి నాలుగు నెలల ముందు మాట ఇది. సెలవులకు ముందు మార్కులు వేయవలసిన కాగితాలు అలాగే ఉండిపోయాయి. నా అద్దె నా జీతంలో సగం దాటిపోయిన రోజులవి.

నాతో పాటు ఉన్న తెలుగు పిల్లల్లో చాలామంది సమ్మె చేసేవాళ్లు నిలబడే పికెట్ దగ్గరికి రావడానికి భయపడ్డారు. వీసా పోతుందేమో అన్నదే వాళ్ల భయమంతా. సంఘంలో చేరే హక్కు, చట్టబద్ధమైన సమ్మెలో పాల్గొనే హక్కు వీసా మీద ఉన్నవాళ్లకు కూడా ఉన్నాయని సంఘం వాళ్లు కాగితం మీద రాసిచ్చినా, హక్కు ఉండడం వేరు, రాత్రి నిద్ర పట్టడం వేరు. నేను మొదటి వారం వెళ్లలేదు. రెండో వారం వెళ్లి వెనక వరసలో నిలబడ్డాను, మొహానికి మాస్కు ఉన్నందుకు సంతోషించాను. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఉద్యమం లేచిందా అని అడిగితే, సంఘం అన్న మాట నాలాంటివాళ్ల ఇంట్లోకి వచ్చిందని మాత్రం చెప్పగలను. బఫలోలో స్టార్‌బక్స్ కాఫీ కొట్టులో 2021 డిసెంబరులో, స్టేటన్ ఐలండ్‌లో అమెజాన్ గిడ్డంగిలో 2022 ఏప్రిల్‌లో ఓటు గెలిచింది నా వయసువాళ్లే. కానీ లెక్కల మనిషి గారి ప్రశ్న ఇక్కడ గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఆ రెండు చోట్లా గెలిచాక ఏళ్లు గడిచినా ఒప్పందం కుదరలేదు.

పాత డెట్రాయిట్ వాసి:

నేను 1978లో ఇక్కడికి వచ్చినవాణ్ణి. మీరందరూ సంఘాన్ని రెండు వైపుల నుంచి చూశారు, మూడో వైపు ఒకటి ఉంది.

1982లో డెట్రాయిట్ పక్కనే హైలండ్ పార్కులో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ణి, పెళ్లికి కొద్ది రోజుల ముందు, బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. కొట్టినవాడు క్రైస్లర్‌లో సూపర్‌వైజరు, అతనితో ఉన్న సవతి కొడుకు పని పోయిన ఆటో కార్మికుడు. జపాను కార్ల వల్ల తమ ఉద్యోగాలు పోతున్నాయన్న కోపం ఒక చైనా వాడి తల మీద దిగింది. జడ్జి వాళ్లకు జైలు వేయలేదు, ప్రొబేషను, 3,000 డాలర్ల జరిమానా వేసి పంపించాడు. ఆ రోజుల్లో జనం ముందు జపాను కార్లను సుత్తులతో పగలగొట్టడం ఒక తమాషాగా జరిగేది. నాకు ఒక పాత డాట్సన్ ఉండేది. నేను పనిచేసే చోటికి రెండు వీధుల అవతల ఆపి నడిచి వెళ్లేవాణ్ణి. నా భార్య నన్ను ఇంట్లో మంచుబూట్ల ఇంజనీరు అని ఎగతాళి చేసేది.

అది పాత కథే. అయినా 2025 మార్చిలో దిగుమతి కార్ల మీద ట్రంప్ 25 శాతం సుంకం ప్రకటించినప్పుడు ఈ కొత్త నాయకత్వమే దాన్ని ఆహ్వానించింది. అంతకు ముందటి ఏడాది ఎన్నికల్లో ఇదే ఫెయిన్ ట్రంప్‌కు వ్యతిరేకంగా సభలు పెట్టి తిరిగాడు. ఫ్యాక్టరీ తిరిగి రావాలని కోరుకోవడం తప్పు కాదు, వాళ్ల ఊళ్లు ఎలా పాడుపడ్డాయో నేను కళ్లారా చూశాను. కానీ ఎదుటివాడు యజమానా, వేరే దేశపు కార్మికుడా అన్న తేడా ఒకసారి చెరిగిపోతే, మన వంటివాళ్లు కారు ఎక్కడ ఆపాలో ఆలోచించుకోవలసి వస్తుంది.

నోవై ఇంజనీరు:

పెద్దలు రాసినది రెండుసార్లు చదివాను. సుంకం విషయంలో నేను సంఘాన్ని సమర్థించలేను. దానికి ఎదురుగా ఒక్క విషయం చెప్పదలచుకున్నాను. 2022 ఫిబ్రవరిలో మెక్సికోలోని సిలావ్‌లో జీఎం కార్మికులు యాజమాన్యం కనుసన్నల్లో నడిచే పాత సంఘాన్ని ఓడించి స్వతంత్ర సంఘాన్ని ఎన్నుకున్నారు. 2019 జీఎం సమ్మె కాలంలో అక్కడి కార్మికులు కొందరు అమెరికా సమ్మెకు మద్దతుగా ఓవర్‌టైము చేయబోమన్నందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. సరిహద్దు అవతల అలాంటి స్నేహం ఉన్న సంఘం సుంకానికి చప్పట్లు కొట్టడం నన్నూ బాధించింది.

లెక్కల మనిషి గారికి: వారెన్ తీసివేతలు నిజమే. వాటితో పాటు ఇంకొకటి చూడాలి. బెల్విడియర్ విషయంలో స్టెలాంటిస్ మాట తప్పుతున్నట్టు కనబడగానే సంఘం ఆ ఒప్పందంలోని సమ్మె హక్కును బయటికి తీసి, దేశమంతా ఫిర్యాదులు వేసి, ఓటింగులు పెట్టసాగింది. 2024 డిసెంబరు 1న కంపెనీ అధిపతి కార్లోస్ టవారెస్ రాజీనామా చేశాడు. అమ్మకాలు పడిపోవడమే దానికి ముఖ్య కారణం, సంఘమే దింపిందని నేననను. కానీ ఆ తర్వాతి నెలలోనే 2027లో బెల్విడియర్ తెరుస్తామని కంపెనీ మళ్లీ చెప్పింది. మూసేసిన ప్లాంటు గురించి కంపెనీ రెండోసారి మాట ఇవ్వడం నేనిక్కడ ఉన్న పద్దెనిమిదేళ్లలో చూడలేదు.

ఇప్పటి ఒప్పందాలు 2028 ఏప్రిల్ 30న ముగుస్తాయి. మిగతా సంఘాలు కూడా తమ ఒప్పందాల గడువును అదే రోజుకు కలుపుకొని, మే డే నాటికి అందరూ ఒకేసారి బల్ల ముందు కూర్చుందామని ఫెయిన్ పిలుపిచ్చాడు. ఒకరి సమ్మెకు మద్దతుగా మరొక కంపెనీ కార్మికులు పని ఆపకుండా 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం కట్టడి చేస్తుంది. గడువులే కలిస్తే ఎవరి సమ్మె వాళ్లదే అవుతుంది, చట్టం దాటవలసిన పని ఉండదు. ఎన్ని సంఘాలు కలుస్తాయన్నదాన్ని బట్టి నా వాదన నిలబడుతుందో లేదో తేలుతుంది. అప్పటిదాకా ఈ చర్చ శీర్షికలో ప్రశ్న గుర్తు ఉంచుతున్నాను. మొదట పెట్టినప్పుడు అది లేదు.

పాత టర్నర్:

చాటనూగా అమ్మాయిని ఒక్కటి అడగాలి. మీ రాష్ట్రంలో సంఘం గెలిచినా చందా కట్టడం కార్మికుడి ఇష్టమేనని చదివాను. నేను జీతాల రోజున గేటు దగ్గర రసీదు పుస్తకం, కార్బన్ కాగితం పట్టుకుని నిలబడినవాణ్ణి. ఓటు వేసినవాడు కూడా ఆ రోజు వెనక గేటు నుంచి వెళ్లిపోవడం చూశాను. 2,628 మంది ఓటు వేశారు సరే, వాళ్లలో చందా ఇచ్చేది ఎంతమంది?

చాటనూగా నుంచి:

బాబాయి గారూ, మీరు చదివినది నిజమే. 2022లో మా రాష్ట్రం ఆ నియమాన్ని ఏకంగా రాజ్యాంగంలోనే చేర్చుకుంది. యూఏడబ్ల్యూలో చందా నెలకు రెండున్నర గంటల జీతం. మొదటి ఒప్పందం ఓటింగులో నెగ్గేదాకా కొత్త ప్లాంటులో ఎవరి దగ్గరా తీసుకోరు. ఆ తర్వాత ఒక్కొక్కరూ కార్డు మీద విడిగా సంతకం పెట్టాలి. నేను చెప్పిన ఆ పెయింట్ షాపు ఆయన్ను నిన్న ప్రాక్టీసు దగ్గర మీ ప్రశ్నే అడిగాను. తన లైనులో పద్నాలుగు మంది ఉన్నారని, తొమ్మిది మంది పెడతామన్నారని, ఇద్దరు పెట్టబోమన్నారని, మిగిలిన ముగ్గురితో ఇంకా మాట్లాడుతున్నానని చెప్పారు.